ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరితో చెప్పాలి?

వానమబ్బు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

కొన్ని నెలలుగా నిద్ర సరిగా లేదు. పడుకోగానే పట్టేస్తుంది, తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, ఇక కన్ను మూతపడదు. ఆఫీసులో ఒక్క మెయిలుకి జవాబు రాయడానికి పూటంతా పడుతోంది. రాసిందే మళ్లీ మళ్లీ చదువుకుంటాను, పంపను. ఇష్టమైన పనులేవీ ఇష్టంగా లేవు. పోనీ ఏడుపు వస్తుందా అంటే అదీ రాదు. బయటికి మాత్రం బాగానే కనిపిస్తాను, నవ్వాల్సిన చోట నవ్వుతాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాలా? వెళ్తే ఎవరి దగ్గరికి? సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సెలరా? నాకు బాగోలేదంటే ఏం బాగోలేదని అడుగుతారు కదా, దానికి నా దగ్గర జవాబు లేదు. మావారికి కూడా ఇంకా చెప్పలేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోరువంక

వానమబ్బు గారూ, జవాబు లేదంటూనే మొత్తం రాసేశారు. మీ పోస్టులో రెండో పేరా కాగితం మీద ఎక్కించుకుని వెళ్లండి, చాలు. నిజంగానే అంటున్నాను. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చోగానే గొంతు పట్టేసింది. ముందురోజు రాసుకున్న చీటీ ఒకటి చేతిలో నలిగిపోయి ఉంది, దాన్నే బల్ల మీదుగా డాక్టరమ్మ వైపు జరిపాను. ఆవిడ చదివి, మెలకువ ఎన్నింటికి వస్తోంది, ఆకలి ఎలా ఉంది, బరువు ఏమైనా తగ్గారా, పొద్దున ఎక్కువ భారంగా ఉంటుందా సాయంత్రమా అని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నేను తలూపడం, అవుననడం, కాదనడం. కాసేపటికి మాట దానంతటదే వచ్చింది.

మీరు ఎప్పుడూ చూపించుకునే మామూలు డాక్టరు నమ్మకమైన మనిషైతే అక్కడే మొదలుపెట్టండి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా మనిషి ఇలాగే నీరసపడిపోతాడు, దేని మీదా ధ్యాస నిలవదు. ఒక రక్తపరీక్షతో ఆ సందేహం తీరిపోతుంది. అక్కడినుంచి ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆయనే చెబుతారు. "నీకేం తక్కువ, హాయిగా ఉండు" అని పంపించేసే డాక్టర్లూ ఉంటారు, నాకు తగిలారు. అలాంటివాళ్లు తగిలితే ఇంకో డాక్టరు. అంతే.

లెక్కలపంతులు

ఎవరు ఏమిటో నేను చెబుతాను, చాలామందికి గందరగోళమే.

సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివి, ఆపైన మనోవ్యాధుల్లో ప్రత్యేకంగా చదివిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివి, థెరపీలోనూ పరీక్షలు చేయడంలోనూ శిక్షణ పొందినవారు. సాధారణంగా మందులు రాయరు. కౌన్సెలర్ దగ్గరే జాగ్రత్త కావాలి. మంచి శిక్షణ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ కొన్నిచోట్ల ఆ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏం చదివారు, ఎక్కడ రిజిస్టర్ అయ్యారు అని అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే చిరాకుపడే మనిషి దగ్గర కూర్చుని మన గుండె ఎలా విప్పుతాం?

ఇంకోటి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుని కలవడం మంచిదని లెక్క. అది జబ్బు నిర్ధారణ కాదు, కేవలం వడపోత. అయితే ఏం చెప్పాలో తెలియని మనిషికి అది చేతిలో పెట్టుకుని వెళ్తే మాట మొదలవుతుంది.

కొసమెరుపు

నేను ఆ పత్రం అర్ధరాత్రి ఫోనులో నింపి, మార్కులు చూసి భయపడి, పొద్దున్నే మళ్లీ నింపాను. సప్లిమెంటరీ రాసినట్టు. ఒక్క మార్కు తగ్గింది. పాసయ్యాననుకుని ఇంకో ఏడాది ఎవరికీ చూపించుకోలేదు. మీరు అలా చేయకండి వానమబ్బు గారూ.

పాతకాపు

అందరికీ పెద్దవాణ్ణి కాబట్టి ఒక మాట. మా రోజుల్లో ఇన్ని పత్రాలూ ఇందరు డాక్టర్లూ లేరు. బాధ వస్తే నలుగురిలో కూర్చునేవాళ్లం, పొద్దున్నే లేచి నడిచేవాళ్లం, పనిలో పడితే అన్నీ మర్చిపోయేవాళ్లం. ఇప్పుడు ప్రతి దిగులుకీ ఒక జబ్బు పేరు. అమ్మాయీ, ముందు ఫోను పక్కన పెట్టి పొద్దున్నే అరగంట నడువు. అప్పటికీ తగ్గకపోతే చూద్దువుగాని.

నడిరేయి

బాబాయ్, మీ రోజుల్లో కూడా ఉద్యోగం మానేసి గదిలోంచి బయటికి రాని మావయ్య ప్రతి కుటుంబంలోనూ ఒకాయన ఉండేవాడు. చుట్టాలొస్తే ఆ గది తలుపు దగ్గరగా వేసేవాళ్లు. మా ఇంట్లోనూ ఉండేవాడు. ఆయనకి ఏమైందని నేను అడిగితే మా అమ్మ గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది. పనిలో పడి మర్చిపోయినవాళ్లు మీకు కనిపించారు, మర్చిపోలేనివాళ్లు కనిపించకుండా ఉన్నారు.

లెక్కలపంతులు

పాతకాపు గారి మాట పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. నడక, వ్యాయామం దిగులుకి పనిచేస్తాయని పరిశోధనలున్నాయి. థెరపీలోనే ఒక పద్ధతి ఉంది: మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పని ముందు చేసేసి మనసుని వెనకాలే రానివ్వడం. చిక్కల్లా ఎక్కడంటే, పక్క మీంచి లేచే ఓపికనే ఈ జబ్బు లాగేస్తుంది. లేవలేని మనిషికి లేచి నడవమని చెప్పి, నడవకపోతే బద్ధకం అంటాం. థెరపీలో అదే పనిని ముక్కలు చేస్తారు. ఇవాళ చెప్పులు వేసుకుని గుమ్మం దాకా. రేపు వీధి చివరిదాకా.

వెళ్లడమూ, నడవడమూ రెండూ చేయొచ్చు. ఒకటి తేలేదాకా రెండోది ఆపాలని ఏమీ లేదు.

పాతకాపు

ఆ గది తలుపు సంగతి నిజమే. మా పెదనాన్న.

వానమబ్బు

అందరికీ ధన్యవాదాలు. చీటీ రాసుకున్నాను. ఆ పత్రం కూడా నింపాను, ఎంత వచ్చిందో ఇక్కడ చెప్పను గానీ పది దాటింది. చనిపోతే బాగుండుననో, హాని చేసుకోవాలనో అనిపించిందా అని అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర ఏం పెట్టాలో తెలియలేదు. చనిపోవాలని కాదు. కానీ రాత్రి పడుకునేటప్పుడు, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది ఒక్కోసారి. అది లెక్కలోకి వస్తుందా?

గోరువంక

వస్తుందమ్మా. అందుకే సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మీకు మీరు హాని చేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎలా అన్న ఆలోచన వచ్చిందా? ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?

వానమబ్బు

లేదండీ, అలాంటిది ఏమీ అనుకోలేదు. మావారు పక్క గదిలో ఉన్నారు. మీరు ఇలా అడుగుతుంటే కొంచెం భయం వేసింది, కొంచెం తేలికగా కూడా ఉంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

గోరువంక

అడిగితే లేనిపోని ఆలోచన తలలో పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగించుకున్న మనిషికి భారం దిగుతుంది, అంతే. ఆ ప్రశ్న దగ్గర మీకు అనిపించింది అనిపించినట్టే పెట్టండి. డాక్టరు దగ్గర "లేవకపోతే బాగుండు అనిపిస్తోంది" అని ఇక్కడ రాసినట్టే చెప్పండి, తగ్గించి చెప్పకండి. ఈ ఆలోచన పెరిగినా, ఎలా అన్నది తలలోకి వచ్చినా అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. వెంటనే మీవారిని లేపండి, ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా మీరున్న చోటి హెల్ప్‌లైన్‌కి ఫోను చేయండి. చచ్చిపోయేంత అవసరం ఉంటేనే హెల్ప్‌లైన్ అనుకోకండి, మాట్లాడాలనిపిస్తే చాలు.

ఇవాళ రాత్రే ఆయనకి చెప్పగలరా? మొత్తం కాదు. ఒక్క వాక్యం.

వేదిక నిర్వహణ

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి: మందుల పేర్లు చెప్పుకోవచ్చు గానీ ఎవరూ డోసులు సూచించవద్దు. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు ఉంటే ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే సహాయం తీసుకోండి.

కొసమెరుపు

హెల్ప్‌లైన్ గురించి ఒక మాట. ఫోనులో వినే ఈ పద్ధతికి చాలాచోట్ల నమూనా అయిన సమారిటన్స్‌ని 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి ఫాదర్ మొదలుపెట్టాడు. తనతో మాట్లాడటానికి వచ్చేవాళ్లు బయట వరసలో కూర్చుంటే, అక్కడ ఉన్న వాలంటీర్లు వాళ్లతో కబుర్లు చెబుతూ ఉండేవాళ్లట. చాలామంది ఆ కబుర్లతోనే తేలికపడి, లోపలికి వెళ్లకుండానే ఇంటికి పోయేవాళ్లు. దాంతో ఆయన ఆ వినే పనిని వాలంటీర్లకే అప్పగించేశాడు. ఇది చదివాక, ఫోను చేస్తే ఏమంటారో అన్న బెరుకు నాకు కొంత పోయింది. అటువైపు ఉన్నది ఉపన్యాసం ఇచ్చే మనిషి కాదు.

తీగమల్లె

మందులంటే నాకు చచ్చే భయంగా ఉండేది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలనీ, మనిషి మొద్దుబారిపోతాడనీ ఎవరెవరో చెప్పారు. ఇక్కడ వాడినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గోరువంక

వాడాను, చెబుతాను.

దిగులు తగ్గడానికి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐలు అనే రకం మందులతో ఉన్న తంటా ఏమిటంటే, కష్టం ముందు వస్తుంది, సుఖం తర్వాత వస్తుంది. మొదటి వారం వికారం, తలనొప్పి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కంగారు. దిగులు తగ్గడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మధ్యలో ఉన్న ఆ రోజుల్లోనే చాలామంది "ఇది నాకు పడలేదు" అని మానేస్తారు. ముఖ్యంగా చిన్న వయసువాళ్లకి మొదట్లో ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు పెరగవచ్చు, అందుకే డాక్టరు మొదటి వారాల్లో తరచూ రమ్మంటారు.

బాగైపోయాం కదా అని ఆపకూడదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, లేకపోతే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే కొందరికి తల తిరుగుతుంది, తలలో కరెంటు ఝల్లుమన్నట్టు ఉంటుంది. దాన్ని చూసి అలవాటు పడిపోయామని భయపడతారు గానీ మత్తుమందు కోసం ప్రాకులాడటం లాంటిది కాదు ఇది. కంగారు తగ్గడానికి ఇచ్చే అల్ప్రజోలమ్ లాంటి మందులు వేరు, వాటికి నిజంగానే అలవాటు పడతారు. అందుకే వాటిని కొద్దికాలానికే ఇస్తారు. నిద్ర పట్టడం లేదని పక్కింటావిడ మాత్ర మింగేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మొద్దుబారడం అన్నారు కదా, అది కొందరికి ఉంటుంది. పడక సుఖం మీద ఆసక్తి తగ్గడం కూడా ఉంటుంది, సిగ్గుపడి ఎవరూ చెప్పరు. డాక్టరుకి చెబితే మందు మారుస్తారు. చెప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది?

తీగమల్లె

ఎవరూ ఇంత విడమరచి చెప్పలేదక్కా. నేను థెరపీతోనే నెట్టుకొచ్చాను, సీబీటీ అని, మన ఆలోచనల తీరుని పరీక్షించి మార్చుకునే పద్ధతి. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు తెచ్చాడు. అందులో పడుకుని చిన్ననాటి సంగతులు చెప్పడం లాంటిదేమీ లేదు. నోటుబుక్కులో గడులు గీయించారు. మొదటి గడిలో జరిగింది: మేనేజరు కారిడార్లో ఎదురుపడి పలకరించకుండా వెళ్లిపోయాడు. రెండో గడిలో నాకు అనిపించింది: నన్ను తీసేయబోతున్నారు. మూడో దాంట్లో దానికి ఆధారం. అక్కడ పెన్ను ఆగిపోయేది. నాలుగో దాంట్లో ఇంకేమై ఉండొచ్చు: ఆయన చెవి దగ్గర ఫోను ఉంది. ఈ మాత్రం దానికి డబ్బిచ్చి వెళ్లాలా అని మొదట్లో మంట పుట్టింది. రోజూ రాస్తూ పోతే నా రెండో గడులన్నీ ఒకేలా ఉన్నాయని కనిపించింది. ఎవరు ఏం చేసినా చివరికి నన్ను తీసేయడమే!

మొదట కుదిరిన థెరపిస్టుతో నాకు పొసగలేదు. ఆవిడ మంచిదే, నాకు కుదరలేదంతే. థెరపిస్టుకీ మనకీ మధ్య కుదిరే నమ్మకం మీద కూడా ఫలితం ఆధారపడుతుందట, అందుకని మారడానికి మొహమాటపడక్కర్లేదు. "నాకు ఇది కుదరడం లేదు" అని ఆవిడకే చెబితే, ఇంకొకరి పేరు ఆవిడే ఇచ్చింది. మనం చెప్పింది ఎవరికీ చెప్పరా అని మొదటిరోజే అడగండి. చెప్పరు, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. ఆ సందర్భాలేమిటో కూడా అడగండి.

వానమబ్బు

నిన్న రాత్రి మావారికి చెప్పాను. గోరువంక గారు అన్నట్టు ఒక్క వాక్యమే. "నాకు కొన్నాళ్లుగా నిద్ర లేదు, భయంగా ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను." ఆయన వెంటనే "నావల్లనా?" అన్నారు. కాదన్నాను. తర్వాత చాలాసేపు, ఉద్యోగం మానేయ్, ఊరు మారదాం, యోగా చెయ్ అని సలహాలు చెప్పారు. కోపం వచ్చింది. "సలహాలొద్దు, వినండి చాలు" అన్నాను. విన్నారు. అపాయింట్‌మెంటు ఆయనే ఫోను చేసి తీసుకున్నారు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. పని ఎలాగూ ఆలస్యమవుతోంది. మేనేజరుకి చెప్పెయ్యమంటారా?

కొసమెరుపు

చెప్పెయ్యండి. అందరూ దాస్తుంటే ఎలా? 2019లో ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ ఆఫీసులోనూ ఉండి ఉంటారు. 1998లో నార్వే ప్రధాని బోన్దెవిక్ డిప్రెషన్ వచ్చింది, సెలవు పెడుతున్నానని దేశానికే చెప్పాడు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చాడు. 2001లో మళ్లీ ప్రధాని అయ్యాడు!

నడిరేయి

ప్రధానికి సెలవు మంజూరు చేసే మేనేజరు ఉండడు కదా. 1972లో అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్ ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టిన ఈగిల్టన్ సంగతి కూడా చెప్పండి. గతంలో డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరాడని బయటపడింది, కొద్దిరోజుల్లోనే తప్పించేశారు. ధైర్యం చేయమని మనం ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక. జీతం ఆవిడది.

లెక్కలపంతులు

అదే ఈగిల్టన్‌ని 1974లో సొంత రాష్ట్రంవాళ్లు మళ్లీ సెనేట్‌కి గెలిపించారు. అయినా నడిరేయి గారి వైపే ఉంటాను. బయటికి చెప్పడం వేరు, సహాయం తీసుకోవడం వేరు. రెండోది ఆలస్యం చేయకూడదు, మొదటిది మన ఇష్టం. మేనేజరుకి తెలియాల్సింది జబ్బు పేరు కాదు. "ఆరోగ్యం బాగోలేదు, చికిత్స తీసుకుంటున్నాను, కొన్ని వారాలు ఫలానా పని వేరేవాళ్లకి ఇవ్వండి" అంటే సరిపోతుంది. సర్టిఫికెట్టు కావాలంటే డాక్టరు ఇస్తారు. మీ కంపెనీ నియమాలు, మీ దేశపు చట్టం చూసుకోండి. రాతపూర్వకంగా అడగండి. ఆ మనిషి మీద నమ్మకం కుదిరాక ఇంకా చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పొచ్చు. ఒకసారి చెప్పింది వెనక్కి తీసుకోలేం.

కొసమెరుపు

సరే, ఈ ఒక్కదాంట్లో ఒప్పుకోను గానీ జీతం ఆవిడది కాబట్టి ఊరుకుంటున్నాను. బాగుపడ్డాకైనా ఎవరో ఒకరు చెప్పాలి. ఈ జబ్బు మీద చిన్నచూపు పోవడానికి పోస్టర్ల కన్నా, దాన్ని అనుభవించిన మనిషితో ఎదురుగా మాట్లాడటమే ఎక్కువ పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది.

నడిరేయి

మా తమ్ముడి సంగతి అడగాలని ఈ చర్చలోకి వచ్చి, వాదనలో పడిపోయాను. వాడు గదిలోంచి రావడం లేదు. డాక్టరు అంటే అరుస్తాడు, నాకేం లేదంటాడు. ఏం చేయాలి?

తీగమల్లె

జబ్బు ఉందని ఒప్పించే పని మానేయండి అన్నా. వాడికి ఏది బాధగా ఉందో దాన్ని పట్టుకోండి. నిద్ర పట్టడం లేదంటాడా? నిద్ర కోసమే వెళ్దాం అనండి. వాడు రాకపోయినా మీరు ఒక్కరే డాక్టరుని కలిసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు, చాలామంది కలుస్తారు. తిండి, స్నానం మానేసినా, ఎవరో వెంటపడుతున్నారన్నా, లేనివాళ్లతో మాట్లాడుతున్నా మాత్రం ఒప్పుకునేదాకా ఎదురుచూడొద్దు.

పాతకాపు

నడిరేయీ, వాడితో మాట్లాడేది డాక్టరే కానక్కర్లేదేమో. ఈ మధ్య చదివాను. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో ఒక పని మొదలుపెట్టాడు. దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందుకని నాలాంటి ముసలివాళ్లకి, అంటే అమ్మమ్మలకి, శిక్షణ ఇచ్చి క్లినిక్కుల బయట బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చిన మనిషి చెప్పుకున్న కష్టాల్లో ఒక్కటి తీసుకుని, దానికి ఏం చేయొచ్చో అతని నోటితోనే చెప్పిస్తారు. మామూలు వైద్యం అందినవాళ్లకన్నా బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎక్కువ తేరుకున్నారని 2016లో లెక్కలు వేసి చూపించారు. తీవ్రంగా ఉన్నవాళ్లని పై వైద్యానికి పంపిస్తారు. వాడి గది బయట ఒక కుర్చీ వేసుకుని కూర్చో. సలహాలు చెప్పకు. నేను చెప్పినట్టు చెప్పకు.

నడిరేయి

బాబాయ్! సరే, చూస్తాను.

వానమబ్బు

అపాయింట్‌మెంటు గురువారం. మావారు నాతోపాటు లోపలికి వస్తానంటున్నారు. రానివ్వాలా వద్దా? ఆయన ముందు ఆ తొమ్మిదో ప్రశ్న సంగతి చెప్పగలనో లేదో.

గోరువంక

ముందు మీరొక్కరే వెళ్లండి. అది చెప్పుకున్నాక ఆయన్ని పిలవమని డాక్టరుకే చెప్పండి, వాళ్లకి ఇది మామూలే. మీరు గమనించనివి ఆయన గమనించి ఉంటారు, రాత్రి ఎన్నిసార్లు లేచారో అలాంటివి, కాబట్టి ఆయన రావడమూ అవసరమే. చీటీ చివర "మొదట ఒంటరిగా మాట్లాడాలి" అని రాసి పెట్టుకోండి, కంగారులో మర్చిపోతారు. ఇప్పుడు వాడుతున్న మందుల పట్టీ ఏదైనా ఉంటే అదీ తీసుకెళ్లండి.